ఐదు రోజుల ఊరు, రెండు రోజుల జాతర

మదనపల్లె దగ్గరున్న హార్సిలీ హిల్స్ మీద ఆదివారం మధ్యాహ్నం కారు నిలపడానికి చోటు దొరకదు. మంగళవారం మధ్యాహ్నం తాగుదామంటే టీ దొరకడం కష్టం. కొండ అదే, రోడ్డు అదే, యూకలిప్టస్ చెట్లూ అవే. తిరుపతి నుంచో బెంగళూరు నుంచో వచ్చి ఒక పూట చల్లగాలి పీల్చుకుని దిగిపోయేవాళ్లు చూసేది ఆదివారాన్నే కాబట్టి, "ఇంతమంది వస్తున్నారు, ఇక్కడివాళ్లకేం తక్కువ?" అనుకోవడంలో వింత లేదు. కొండ కింద పల్లెలో ఉంటూ పనుల మీద తరచూ పైకి పోయే నన్ను తిరుపతి బంధువులు కలిసినప్పుడల్లా ఇదే అడుగుతారు. తక్కువ ఉన్నది జనం కాదు, డబ్బూ కాదు. వచ్చే జనానికీ, పోయే డబ్బుకీ, ఉండిపోయే ఖర్చుకీ దారులు వేరు. ఆ దారులు ఎక్కడ చీలుతున్నాయో చూస్తే తప్ప ఈ ఊరి బతుకు అర్థం కాదు.

ముందుగా, జనం ఎందుకు వస్తారు? చల్లదనం కోసమని అందరూ అంటారు. అందులో సగమే నిజం. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. తిరుపతి పట్టణం సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంది, హార్సిలీ హిల్స్ 1,260 మీటర్లు దాటుతుంది. అంటే మే నెలలో తిరుపతి 42 డిగ్రీల్లో ఉడికిపోతున్నప్పుడు కొండమీద ముప్పై అయిదుకు అటూ ఇటూ ఉంటుంది. దానికి చెట్ల నీడ, గాలిబండ మీద మనిషిని నిలవనీయని గాలి తోడైతే ప్రాణం లేచొస్తుంది. కానీ బెంగళూరు సంగతి వేరు. అది 900 మీటర్ల పైనే ఉన్న ఊరు. ఎత్తు లెక్కన చూస్తే అక్కడికీ ఇక్కడికీ తేడా సుమారు రెండు డిగ్రీలే. బెంగళూరువాళ్లు చలి వెతుక్కుంటూ రారు. హారన్ మోత లేని రోడ్డు, అపార్ట్‌మెంటు అడ్డం లేని ఆకాశం వెతుక్కుంటూ వస్తారు. వందలమంది ఒకేసారి రావడంతో ఆ రెండూ వాళ్లకు సరిగ్గా దొరకవనుకోండి, అది వాళ్ల ఖర్మ.

ఈ తేడా వల్ల ఊరి మీద రెండు క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. తిరుపతి, చిత్తూరు, కడప మైదానాల జనం ఎండాకాలానికి వస్తారు. బెంగళూరు జనం ఏడాది పొడుగునా శని, ఆదివారాల్లో వస్తారు. మే నెల ఆదివారం నాడు ఈ రెండూ కలుస్తాయి. ఆగస్టులో వాన పట్టిన బుధవారం నాడు రెండూ ఉండవు. ఊరివాళ్లకు మాత్రం ఆ ఆదివారమూ, ఈ బుధవారమూ రెండూ బతకాల్సిన రోజులే.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, లేకపోతే ఒక విషయం అంతుపట్టదు. ఈ కొండకు పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని, జబ్బు చేసినవాళ్లకు ఆమె మందిచ్చేదని, ఒకనాడు మాయమైపోయిందని కథ. ఆమె గుడి ఇప్పటికీ పైన ఉంది. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో ఎండల నుంచి తప్పించుకోవడానికి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతవరకూ మదనపల్లె కడప జిల్లాలో ఉండేది కాబట్టి ఇది ఆ కలెక్టరు ఇలాకాయే. తర్వాత కొండ వందేళ్లకు పైగా చిత్తూరు జిల్లాలో ఉండి, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బయటికి పోయింది. మా మాటల్లో మాత్రం ఇది ఇంకా చిత్తూరు జిల్లా కొండే.

కథ కన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మామూలు పల్లెకు ముందు పొలం ఉంటుంది, చెరువు ఉంటుంది, సంత ఉంటుంది. తర్వాతెప్పుడో యాత్రికులు వస్తారు. హార్సిలీ హిల్స్ దానికి తలకిందులు. ఇది పుట్టిందే సెలవు కోసం. దొర కోసం వంటవాడు, తోటమాలి, పాలు మోసేవాడు పైకెక్కారు. ఇవాళ్టి ఊరు కూడా చాలావరకు అదే తీరులో నడుస్తోంది. అతిథి గృహాల సిబ్బంది, అటవీశాఖవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు, డ్రైవర్లు, గదులు ఊడ్చేవాళ్లు. వచ్చేవాళ్లు రాకపోతే పైన ఉండే కారణమే లేని జనం. వెనక్కి తిరిగి చూసుకోవడానికి నాలుగు కుంటల మడి కూడా కొండమీద లేదు. పైన దుకాణం పెట్టుకుని కింద ఊళ్లో పొలం చేసుకునేవాడు కాస్త నిలదొక్కుకుంటాడు. రెండు కాళ్లూ పైనే పెట్టినవాడికి వారం వారం గండమే.

శుక్రవారం సాయంత్రం పాల లెక్క

నాకు వరసకు వదినయ్యే ఒకావిడ పైన టీ బంకు నడుపుతుంది. టీ, మిరపకాయ బజ్జీలు, కాల్చిన మొక్కజొన్న కండెలు, బిస్కట్ పొట్లాలు, నీళ్ల సీసాలు. ఆమె వ్యాపారంలో అసలు కష్టమైన పని శుక్రవారం సాయంత్రం ఉంటుంది. కింద పాలు పోసే అతనికి ఫోను చేసి రేపటికి 20 లీటర్లా, 40 లీటర్లా చెప్పాలి. తక్కువ చెప్తే ఆదివారం మధ్యాహ్నానికి పాలు అయిపోయి వచ్చిన బేరం పక్క బంకుకు పోతుంది. ఎక్కువ చెప్తే సోమవారం మిగిలిన పాలు తోడు పెట్టుకోవాలి, ఆ పెరుగు కొనే నాథుడు మంగళవారం ఉండడు.

"ఎట్లా నిర్ణయిస్తావు వదినా?" అని అడిగాను.

"మబ్బు చూసి" అంది. "మబ్బు పట్టిందంటే జనం రెండింతలు వస్తారు. అదే మబ్బు వానగా కురిసిందంటే ఒక్కరూ రారు. అది మబ్బో వానో తెలిస్తే నేను ఇక్కడెందుకుంటాను, టీవీలో వాతావరణం చెప్పుకునేదాన్ని."

బజ్జీల పిండి ఎప్పటికప్పుడు కలుపుకోవచ్చు. మొక్కజొన్న రెండు రోజులు ఆగుతుంది. బిస్కట్లు నెలైనా ఆగుతాయి. అందుకే ఆమె అందరికన్నా ముందు బిస్కట్ పొట్లాలు చూపిస్తుంది, టీ అడిగితేనే పెడుతుంది. వచ్చినవాళ్లకు ఇది నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. పాడయ్యే సరుకును జాగ్రత్తగా అమ్మడం అది.

ధర సంగతీ ఇలాగే. కొండమీద ఏదైనా కింది కన్నా ఎక్కువే, నిజం. ఘాట్ రోడ్డెక్కి రావడానికి అయ్యే కూలి అందులో కొంత. పెద్ద భాగం వేరే. బంకు అద్దె, కరెంటు, పని మనిషి జీతం ఏడు రోజులకూ కట్టాలి. అమ్మకం జరిగేది రెండు రోజులే. ఆదివారం కొన్న టీలో మంగళ, బుధ, గురువారాల అద్దె కలిసి ఉంటుంది. ఊళ్లోవాళ్లకు మా వదిన తక్కువకే ఇస్తుంది. అది పక్షపాతమని ఒక కారు పెద్దమనిషి ఆమెతో వాదించడం విన్నాను. ఊళ్లోవాడు బుధవారం కూడా వచ్చి తాగుతాడు, ఆమె ఆ మాట పైకి అనలేదంతే.

దూరం కూడా ఈ ఊరికి కలిసిరాలేదు. అటు తిరుపతి నుంచి, ఇటు బెంగళూరు నుంచి కారులో మూడు నాలుగు గంటల దారి. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరుకోగలిగినంత దగ్గర. మరో రెండు గంటలు దూరమై ఉంటే జనం సగానికి తగ్గేవారు, కానీ వచ్చినవాళ్లు రాత్రి ఆగేవాళ్లు. పర్యాటకుల ఊళ్లో ఖర్చంతా రాత్రి చుట్టూ తిరుగుతుంది. గది, రాత్రి భోజనం, పొద్దున టిఫిను, బట్టలుతికే మనిషి, దారి చూపే కుర్రాడు. పగటిపూట వచ్చి పోయేవాడు ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకుంటాడు, గాలిబండ మీద ఫొటో దిగుతాడు, మరుగుదొడ్డి వాడుకుంటాడు, ఖాళీ సీసా వదిలి వెళతాడు. అతణ్ణి తప్పుపట్టడానికి లేదు, జీతాల కుటుంబం సెలవు రోజున అంతకన్నా ఏం చేస్తుంది? కానీ ఊరికి అతని వల్ల వచ్చే రాబడి తక్కువ, పడే బరువు మాత్రం రాత్రి ఆగినవాడితో సమానం.

తలలు లెక్కపెట్టే తీరు

ఇంతమంది వచ్చి పోతున్నప్పుడు రోడ్లు, నీళ్లు, చెత్త బండి ఎందుకు బాగుండవు? ఎవరో తినేశారన్న అనుమానమే చాలామందికి ముందు వస్తుంది. అవినీతి లేదని నేననను. అది పూర్తిగా పోయినా ఈ చిక్కు తీరదన్నదే నా మాట, ఎందుకంటే లెక్క కట్టే పద్ధతిలోనే ఇలాంటి ఊళ్లకు చోటు లేదు.

స్థానిక సంస్థలకు కేంద్రం నుంచి వచ్చే గ్రాంటునే తీసుకుందాం. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఆ డబ్బును రాష్ట్రాల మధ్య పంచడానికి 90 శాతం ప్రాధాన్యం జనాభాకు, 10 శాతం విస్తీర్ణానికి ఇచ్చింది. జనాభా అంటే 2011 లెక్కల్లో నమోదైన నివాసులు. పల్లెలకిచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని నిబంధన కూడా పెట్టింది. మంచి నిబంధనే. కానీ ఒక ఊళ్లో 500 మంది ఉంటారనుకోండి, ఆదివారం 5,000 మంది వస్తారనుకోండి. నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు 5,500 మందికి కావాలి. లెక్కలో ఉన్నది 500. వచ్చిపోయేవాడి తల అతని సొంతూళ్లో లెక్కకొస్తుంది, అతని చెత్త మాత్రం ఇక్కడ పడుతుంది.

పన్నుల దారి కూడా కిందికే. ఒకప్పుడు హోటలు గదుల మీద విలాస పన్నుండేది. 2017లో జీఎస్టీ వచ్చాక అది అందులో కలిసిపోయింది. గదికి కట్టే పన్ను కేంద్ర, రాష్ట్ర ఖజానాలకు చేరుతుంది. కారు పెట్రోలు మీద పన్ను బెంగళూరులోనో మదనపల్లెలోనో పోసుకున్నచోటే కడతారు. స్థానిక సంస్థకు మిగిలేది ఇంటి పన్ను, దుకాణాల అద్దెల్లాంటివి. అందులోనూ కొండమీద ఎక్కువ భాగం ప్రభుత్వ భూమి, చుట్టూ అటవీభూమి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవి నేలను వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలి. ఆ చట్టమే లేకపోతే ఈపాటికి కొండ బోడిగుండై ఉండేది, దానికి దణ్ణం పెట్టాలి. అయితే ఊరు పెరగకపోవడానికి, చేతిలో పట్టా లేని మనిషికి బ్యాంకు అప్పు పుట్టకపోవడానికి కూడా మూలం ఈ నేల స్వభావంలోనే ఉంది.

నీళ్ల గొడవ ఇంకా మొండిది. కొండ శిఖరం మీద కురిసిన వాన కిందికి పోతుంది, పైకి పారివచ్చే వాగు ఉండదు. అడుగున గట్టి రాయి. ఉన్న చిన్న జలాశయాలు వానాకాలంలో నిండి ఎండాకాలానికి అడుగంటుతాయి, జనం ఎగబడేది సరిగ్గా ఆ ఎండాకాలంలోనే. గది అద్దెకు తీసుకున్నవాడు షవర్ తిప్పితే నీళ్లు రావాలి, లేకపోతే రేపు ఫోనులో ఒక్క నక్షత్రం ఇచ్చిపోతాడు. అందువల్ల నీటి కొరత వస్తే ఆ కొరత మొదట గదుల్లో కనబడదు. పనివాళ్ల ఇళ్ల ముందు బిందెల్లో కనబడుతుంది.

చెత్త గురించి ఎక్కువ చెప్పను, ఘాట్ రోడ్డు మలుపుల్లో కిందికి చూసినవాళ్లందరికీ తెలుసు. కోతుల సంగతి మాత్రం చెప్పాలి, అది బయటివాళ్లకు తెలియదు. శని, ఆదివారాల్లో కోతులకు అరటిపళ్లు, చిప్స్ పొట్లాలు విందుగా దొరుకుతాయి. పిల్లలు నవ్వుతారు, పెద్దలు ఫొటోలు తీస్తారు. సోమవారం నుంచి పెట్టేవాడు ఉండడు. అలవాటు పడ్డ కోతి అడవిలోకి తిరిగి పోయి చిగుళ్లు ఏరుకు తినదు, వంటింటి కిటికీ దగ్గరకు వస్తుంది. వారం మధ్యలో పైన ఉండే ఆడవాళ్లు కర్ర చేతికందేచోట పెట్టుకుని అన్నం వండుతారు. వచ్చినవాళ్ల సరదాకు ఊరివాళ్లు కట్టే బాకీ మిగిలిన చోట్ల కాగితాల్లో ఉంటుంది, ఇక్కడ మాత్రం పళ్లికిలించి ఎదురుగా కూర్చుంటుంది.

కొండ కింద మరో మార్పు నడుస్తోంది. పైన నేల దొరకదు కాబట్టి డబ్బున్నవాళ్ల చూపు కింద పొలాల మీద పడింది. తోట వేసుకుని వారాంతానికి వచ్చిపోయే ఇల్లు కట్టుకుందామని నగరంవాళ్లు ఎకరాలు కొంటున్నారు. నేలకు పంట విలువ ఒకటి, కిటికీలోంచి కనబడే కొండ విలువ ఒకటి. రెండోది మొదటిదాన్ని ఎప్పుడో దాటిపోయింది. అమ్మినవాడికి కూతురి పెళ్లవుతుంది, అప్పు తీరుతుంది. పక్కనున్న రైతుకు మాత్రం ఇంకో అరెకరం కొనుక్కుని సేద్యం పెంచుకుందామన్న ఆశ పోతుంది, ఎందుకంటే ఏ పంట పండించినా ఆ ధర రాదు. పొలాన్ని అమ్మినవాడి కొడుకే ఆ ఇంటికి కాపలా ఉంటున్న ఇళ్లు మా వైపు ఉన్నాయి. అతనికి నెలనెలా జీతం వస్తుంది. టమాటా వేస్తే రాదు. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలు రకం టమాటా కిలో 200 రూపాయల అంచుదాకా పోయింది. అదే టమాటాను ధర లేక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ మాకు తెలుసు. ఆ జూదం చూసి పెరిగినవాడు కాపలా ఉద్యోగాన్ని చిన్నచూపు చూడడు.

పైన ఉండే కుటుంబాలకు మిగతా కష్టాలు ఏ మారుమూల ఊరివాళ్లైనా పడేవే. పెద్ద చదువుకూ, కాన్పుకూ, గుండె నొప్పికీ కిందికి దిగాల్సిందే. రాత్రి మంచులో ఆ మలుపులు దిగడం మాటలు కాదు. ఆదివారం సాయంత్రం దిగాలంటే ఇంకో చిక్కు, ఎదురుగా కార్ల వరస. తలనొప్పి మాత్రకు కూడా కిందికి పోవాల్సిన ఊళ్లో ఐస్‌క్రీము మాత్రం నాలుగు చోట్ల దొరుకుతుంది. ఊరు ఎవరి అవసరాల చుట్టూ కట్టారో చెప్పడానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

ఇతర కొండలు ఏం చేశాయి

మనకు దగ్గర్లోనే ఉన్న ఇంకో కొండకు ఇంతకు ఎన్నో రెట్లు జనం వస్తారు. అక్కడ నీళ్లు ఉంటాయి, రోడ్లు ఊడ్చి ఉంటాయి, వేలమందికి రోజూ అన్నం పెడతారు. తిరుమల గురించి చెప్తున్నాను. భక్తి అందులో పెద్ద భాగం, కాదనను. కానీ పాలన కోణంలో చూస్తే తేడా ఇంకోటి. తిరుమలలో వచ్చిన యాత్రికుడి డబ్బు అదే కొండను నడిపే సంస్థ చేతిలో పడుతుంది. ఆ డబ్బుతోనే గోగర్భం, పాపవినాశనం, కుమారధార–పసుపుధార లాంటి జలాశయాలు కొండమీద నిలబడ్డాయి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు వద్దని గాజు సీసాలు పెట్టగలిగారు, అలిపిరి దగ్గర ప్రతి బండినీ ఆపి చూడగలుగుతున్నారు. పైగా తిరుమలకు మంగళవారం అంటూ వేరే లేదు, ఏడు రోజులూ జనమే. రెండు రోజుల కోసం కట్టి ఐదు రోజులు ఖాళీగా ఉంచే బాధ అక్కడ లేదు. హార్సిలీ హిల్స్ తిరుమల కాలేదు, కానక్కర్లేదు. వచ్చినవాడి రూపాయి వచ్చిన చోటే ఖర్చయితే ఏమవుతుందో చూపించడానికి ఆ పోలిక చాలు.

తలకోనలో ఇంకో ప్రయోగం జరిగింది. జలపాతం దగ్గర పర్యాటకాన్ని అటవీశాఖ వన సంరక్షణ సమితి ద్వారా, అంటే చుట్టుపక్కల పల్లెల జనాన్ని కలుపుకుని నడిపింది. అడవిని నమ్ముకున్నవాళ్లకే అడవి చూపించే పని ఇవ్వడం అందులోని ఆలోచన. అది ఎంత బాగా నడిచిందన్నది వేరే చర్చ. ఆ పద్ధతిలో డబ్బు తిరిగే చుట్టు చిన్నది, నాకు నచ్చింది అదే.

తమిళనాడు వైపు చూస్తే, ఊటీ, కొడైకెనాల్‌లకు 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఈ–పాసు పెట్టారు. 2025లో బండ్లకు పరిమితి కూడా వచ్చింది. ఊటీకి సీజన్లో మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లు. నీలగిరుల్లో మద్యం సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిచ్చే పద్ధతి 2022లో మొదలైంది. సీసాలు అడవిలో ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయన్నది దాని వెనకున్న బాధ. మన కొండకు ఈ రెండో పద్ధతి రేపే పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఉపన్యాసం కన్నా పది రూపాయలు బాగా పనిచేస్తాయి.

బండ్ల పరిమితి గురించి మాత్రం తొందర పడకూడదనుకుంటాను. ఊటీ పెద్ద పట్టణం, వారం మధ్యలో కూడా అక్కడ బేరం ఉంటుంది. ఇక్కడ ఆదివారం వెయ్యి బండ్లలో మూడొందలు ఆపితే, ఆ మూడొందలూ బుధవారం వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆఫీసులు బుధవారం సెలవివ్వవు. దెబ్బ ముందు తగిలేది టీ బంకులకే, పెద్ద రిసార్టులకు కాదు. రాష్ట్రం 2024–29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ హోదాతో వచ్చే రాయితీలు పెట్టుబడి పెట్టేవాడి కోసం రాసినవి, 20 లీటర్ల పాలు కొనేవాడి కోసం కాదు.

కాబట్టి నా ఓటు పరిమితికి కాదు, రుసుముకు. ఘాట్ రోడ్డు మొదట్లో శని, ఆదివారాల్లో కాస్త ఎక్కువ, వారం మధ్యలో ఏమీ లేకుండా. రాత్రి పైన ఆగినవాడికి గది అద్దెలో ఆ రుసుము తగ్గించాలి. ఆ డబ్బు రాష్ట్ర ఖజానాకు పోయి మళ్లీ గ్రాంటుగా తిరిగొచ్చేది కాకుండా, పైన నీళ్ల ట్యాంకుకూ మరుగుదొడ్లకూ చెత్త బండికీ మాత్రమే వాడేలా వేరే ఖాతాలో పడాలి. రెవెన్యూ, అటవీ, పర్యాటక శాఖల్లో ఆ ఖాతా ఎవరి పేరున ఉండాలన్న దగ్గరే ఇలాంటి ప్రతిపాదనలు ఆగిపోతుంటాయి. చెక్కు మీద సంతకం చేసేవాళ్లలో కొండమీద ఇల్లున్న మనిషి ఒక్కరైనా ఉండాలన్న షరతు ముందే రాసుకుంటే, మిగతా శాఖల పేచీని తర్వాత తీర్చుకోవచ్చు.